గిటార్ పికప్ మార్చాలా? ముందు మీ ఫిర్యాదు రాసుకోండి

ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, సౌండ్ నచ్చనప్పుడల్లా మన చూపు ముందు పికప్ మీదే, అంటే స్ట్రింగ్ కదలికని కరెంటు సంకేతంగా మార్చే భాగం మీదే పడుతుంది. ఒక్కోసారి మద్దెల నిజంగానే ఓడుగా ఉంటుంది, అది వేరే సంగతి. ఏ సందర్భం ఏదో తేల్చుకోకుండా కొత్త పికప్ వివరాలు చదవడం మొదలుపెడితే మాత్రం తిప్పలు తప్పవు. నా అనుభవం చెబుతాను. మొదటిసారి నేను బ్రిడ్జ్ స్థానానికి (స్ట్రింగ్స్ బాడీకి బిగించే వైపు) 16 కిలోఓమ్‌ల నిరోధమున్న హంబకర్, అంటే రెండు కాయిల్స్ (తీగచుట్టలు) ఉన్న పికప్ కొన్నాను. పాతది 8. రెట్టింపు అంకె కాబట్టి రెట్టింపు మజా అనుకున్నాను. బిగించాక యాంప్ క్లీన్ ఛానెల్ క్లీన్‌గా ఉండటం మానేసింది. పైస్థాయి మెరుపు పోయింది. గిటార్ మెడ వైపున్న నెక్ పికప్‌కి స్విచ్ తిప్పితే ఎవరో వాల్యూమ్ తగ్గించినట్టు అనిపించింది. ఆ పికప్‌లో లోపమేమీ లేదు. నా అసలు బాధ "బ్రిడ్జ్ కొంచెం పల్చగా ఉంది" అన్నంత మాత్రమే. దానికి మందు రెండు స్క్రూలు అర చుట్టు తిప్పడమని తర్వాత తెలిసింది.

అందుకే ఇక్కడ చెప్పే వరుసలో బ్రాండు, మోడల్, అంకెలు బాగా వెనక వస్తాయి.

మొదటి అడుగు: బాధ ఏమిటో ఒక్క వాక్యంలో

కాగితం మీద రాయండి. "టోన్ బాగాలేదు" అని రాస్తే అది ఎవరికీ పనికిరాదు. ఏ పికప్‌లో, ఏ స్ట్రింగ్స్ మీద, క్లీన్‌లోనా డిస్టార్షన్‌లోనా, ఒంటరిగా వాయించేటప్పుడా బ్యాండ్‌తో కలిసినప్పుడా అన్నది ఆ వాక్యంలో ఉండాలి. ఇలాంటివన్నమాట:

"క్లీన్‌లో బ్రిడ్జ్ పికప్ మీద సన్న స్ట్రింగ్స్ చెవిలో సూది గుచ్చినట్టున్నాయి."
"నెక్ పికప్‌లో కింది ఫ్రెట్ల దగ్గర కార్డ్ కొడితే స్వరాలన్నీ కలిసి ముద్దయిపోతున్నాయి."
"గెయిన్ పెంచగానే ఆగకుండా బుయ్‌మంటోంది."
"గట్టిగా వాయిస్తే యాంప్ పక్కన నిలబడ్డప్పుడల్లా కీచుమంటోంది."

ఈ నాలుగింటికీ నాలుగు వేర్వేరు మందులు. మొదటిదానికి పికప్ అవసరం లేకపోవచ్చు. రెండోది ఎత్తు సర్దితే చాలావరకు తగ్గుతుంది. మూడోది సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట ఉన్న పికప్) స్వభావం కాబట్టి పికప్ రకమే మార్చాలి. నాలుగోది కాయిల్ తీగ అదరకుండా పట్టించే మైనం సరిగ్గా పట్టకపోవడం వల్ల కావచ్చు. వార్మ్, ఆర్గానిక్, వింటేజ్ లాంటి మాటలు మాత్రం ఆ వాక్యంలోకి రానివ్వకండి. అవి అమ్మేవాళ్ల మాటలు, ఎవరికి కావలసిన అర్థం వాళ్లు తీసుకుంటారు.

రెండో అడుగు: స్క్రూడ్రైవర్‌తో తేలిపోతుందేమో

పికప్ ఎత్తు సర్దడం ఎంత చిన్న పనో అంత పెద్ద తేడా తెస్తుంది. రెండు చివరి స్ట్రింగ్స్‌నీ ఆఖరి ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టుకోండి. స్ట్రింగ్ అడుగుకీ పికప్ పోల్ (ఒక్కో స్ట్రింగ్ కింద కనిపించే లోహపు ముక్క) పైభాగానికీ మధ్య ఖాళీని స్కేలుతో కొలవండి. హంబకర్ అయితే బ్రిడ్జ్ దగ్గర 1.6 మిల్లీమీటర్లు, నెక్ దగ్గర 2.4 మిల్లీమీటర్లు మొదలుపెట్టడానికి మంచి కొలతలు. స్ట్రాటోకాస్టర్ తరహా సింగిల్ కాయిల్ అయితే లావు స్ట్రింగ్ వైపు 2.4, సన్న స్ట్రింగ్ వైపు 2.0. ఇవి చట్టాలు కావు. ఇక్కణ్ణుంచి పావు చుట్టు, పావు చుట్టుగా తిప్పుతూ వినండి.

దగ్గరికి తెస్తే శబ్దం పెరుగుతుంది, దెబ్బ ముందుకొస్తుంది, మిడ్స్ (మధ్యస్థాయి ధ్వనులు) నిండుతాయి. దూరం చేస్తే శబ్దం తగ్గినా స్వరాలు విడివిడిగా ఊపిరి పీల్చుకుంటాయి. నెక్ పికప్ ముద్దగా ఉందనేవాళ్లు లావు స్ట్రింగ్ వైపు కిందికి దించి, సన్న స్ట్రింగ్ వైపు కాస్త లేపి చూడాలి. ఆ తగ్గిన శబ్దాన్ని యాంప్ దగ్గర పెంచుకుని పోల్చండి, లేకపోతే ఏది గట్టిగా వినిపిస్తే అదే బాగుందని చెవి మోసం చేస్తుంది.

సింగిల్ కాయిల్స్‌తో ఇంకో చిక్కుంది. స్ట్రాటోకాస్టర్ తరహావాటిలో పోల్స్ సాధారణంగా స్వయంగా అయస్కాంతాలు. మరీ దగ్గరగా ఉంటే అవి స్టీల్ స్ట్రింగ్‌ని తమవైపు లాగుతాయి. లావు ఇ స్ట్రింగ్ మీద పై ఫ్రెట్లలో ఒకే స్వరంలో రెండు శృతులు కొట్టుకుంటున్నట్టు వినిపిస్తే, ఇంటొనేషన్ (అన్ని ఫ్రెట్ల దగ్గరా శృతి కుదరడం) ఎంత సరిచేసినా కుదరకపోతే, పికప్‌ని దించండి. దీన్ని గిటార్ లోపమనుకుని బ్రిడ్జ్ మార్చినవాళ్లున్నారు.

తర్వాత కేబుల్. మామూలు గిటార్ కేబుల్‌కి మీటరుకి దాదాపు 100 పికోఫారడ్ల కెపాసిటన్స్ ఉంటుంది. పొడవు పెరిగేకొద్దీ ట్రెబుల్ తగ్గుతుంది. సూది గుచ్చినట్టుందనే బాధకి పొడవైన కేబుల్ కూడా ఒక మందే, పాతకాలపు వాద్యకారులు చుట్టలు చుట్టిన కేబుల్ వాడిన ఫలితాల్లో అదొకటి. మొద్దుబారిన సౌండ్‌కి పొట్టి కేబుల్ వేసి చూడండి.

వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింద ఉండే పొటెన్షియోమీటర్లు, అదే పాట్స్, మూడో అనుమానితులు. సింగిల్ కాయిల్‌కి 250 కిలోఓమ్, హంబకర్‌కి 500 కిలోఓమ్ వేయడం ఆనవాయితీ. విలువ తక్కువైతే పైస్థాయి మెరుపు అణుగుతుంది. 250 పాట్స్ ఉన్న గిటార్‌లో హంబకర్ పెట్టి "మొద్దుగా ఉంది" అనడం నేను చాలాసార్లు విన్నాను. పైగా పాట్ మీద రాసిన విలువ నమ్మకమైనది కాదు. సాధారణంగా 20 శాతం అటూ ఇటూ ఉంటుంది, అంటే 500 అని రాసినది 400 కావచ్చు, 600 కావచ్చు.

స్ట్రింగ్స్ పాతబడ్డాయా, యాంప్ స్పీకర్ ఏమిటి అన్నవి కూడా చూడండి. నిజం చెప్పాలంటే స్పీకర్ మార్పు తెచ్చేంత తేడా చాలా పికప్‌లు తేలేవు. ఇవన్నీ చూశాక కూడా మీరు రాసిన వాక్యం మారకపోతే, ముందుకు పదండి.

మూడో అడుగు: ఉన్నదేమిటో కొలవండి

కొత్తది ఎంత కావాలో తెలియాలంటే పాతది ఎంతో తెలియాలి. గిటార్ విప్పకుండానే కొలవచ్చు. కేబుల్ గుచ్చి, వాల్యూమ్, టోన్ రెండూ పూర్తిగా పెంచి, స్విచ్‌ని ఒకే పికప్ మీద ఉంచండి. మల్టీమీటర్‌ని 20 కిలోఓమ్ రేంజ్‌లో పెట్టి కేబుల్ అవతలి కొసలో టిప్‌కీ (ప్లగ్ మొన) స్లీవ్‌కీ (దాని కాండం) తాకించండి. వాల్యూమ్ పాట్ సమాంతరంగా ఉండటం వల్ల అసలు విలువ కన్నా కాస్త తక్కువ చూపిస్తుంది. 8 కిలోఓమ్‌ల పికప్ 500 పాట్‌తో 7.9కి దగ్గరగా, 250 పాట్‌తో 7.75కి దగ్గరగా కనిపిస్తుంది. బ్యాటరీతో నడిచే యాక్టివ్ పికప్‌కి ఈ కొలత పనికిరాదు.

వాతావరణం వేడిగా ఉంటే అంకె పెరుగుతుంది కూడా. రాగి నిరోధం ఒక్కో డిగ్రీ సెల్సియస్‌కి 0.39 శాతం చొప్పున పెరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర 8.0 ఉన్నది 30 డిగ్రీల దగ్గర 8.3. పెట్టె మీద 8.2 అని రాసి మీకు 8.5 వచ్చిందని గొడవపడకండి.

కొంచెం లోపలికి: అంకె ఎందుకు మోసం చేస్తుంది

పికప్ అంటే అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుక కన్నా సన్నని రాగి తీగ వేల చుట్లు. స్ట్రింగ్ కదిలినప్పుడు అయస్కాంత క్షేత్రం కదులుతుంది, కాయిల్‌లో వోల్టేజి పుడుతుంది. 1930ల తొలినాళ్ల నుంచి నేటివరకు సూత్రం అదే.

చుట్లు పెరిగితే వోల్టేజి పెరుగుతుంది. చుట్లు పెరిగితే తీగ పొడవు, దానితో నిరోధం పెరుగుతాయి. అందుకే "ఎక్కువ కిలోఓమ్‌లు అంటే ఎక్కువ అవుట్‌పుట్" అన్న లెక్క పుట్టింది. ఒకే రకం, ఒకే తీగ అయితే ఆ లెక్క పరవాలేదు. కానీ తీగ గేజ్ మారితే మొత్తం తలకిందులవుతుంది. 42 గేజ్ తీగ కన్నా 43 గేజ్ తీగ సన్నం. అదే పొడవుకి పాతిక శాతం పైగా ఎక్కువ నిరోధం చూపిస్తుంది. టెలికాస్టర్ నెక్ పికప్ సంప్రదాయంగా 43 గేజ్‌తో చుడతారు. 7 కిలోఓమ్‌ల పైన చూపించినా అది మెత్తని పికప్పే. పక్కనే బ్రిడ్జ్‌లో 42 గేజ్‌తో చుట్టినది అంతకన్నా తక్కువ అంకె చూపిస్తూ దానికన్నా గట్టిగా అరుస్తుంది.

నిరోధం కన్నా ఇండక్టన్స్ చూడండి. హెన్రీలలో కొలుస్తారు. కొందరు తయారీదార్లు దీన్ని వివరాల్లో ఇస్తారు, ఇవ్వని పికప్‌లకి స్వతంత్రంగా కొలిచినవాళ్ల లెక్కలు వెతికితే దొరకవచ్చు. ఇండక్టన్స్, కేబుల్ కెపాసిటన్స్ కలిసి ఒక చోట శిఖరం ఏర్పరుస్తాయి. ఆ శిఖరం దాకా సౌండ్ ఉబ్బి, దాని తర్వాత వేగంగా పడిపోతుంది. ఆ శిఖరం ఎక్కడుందన్నదే మనం బ్రైట్, డార్క్ అని పిలిచేది.

6 మీటర్ల కేబుల్‌తో, కాయిల్ సొంత కెపాసిటన్స్ కలిపి మొత్తం 700 పికోఫారడ్లు అనుకుని నేను వేసిన లెక్క ఇది. 2.4 హెన్రీల స్ట్రాట్ తరహా కాయిల్‌కి శిఖరం 3,900 హెర్ట్జ్ చుట్టుపక్కల. 4.5 హెన్రీల పాతకాలపు హంబకర్‌కి 2,800. 8 హెన్రీల హై అవుట్‌పుట్ హంబకర్‌కి 2,100. నా 16 కిలోఓమ్‌ల పికప్ మెరుపు ఎక్కడికి పోయిందో ఈ మూడు అంకెల్లోనే ఉంది. కేబుల్ సగం చేస్తే మొదటిది 5,000 పైకి ఎగబాకుతుంది, కాబట్టి కేబుల్ సంగతి ముందే ఎందుకు చెప్పానో అర్థమయ్యే ఉంటుంది.

నాలుగో అడుగు: రకం

సింగిల్ కాయిల్. స్పష్టత, దెబ్బలో పదును, స్వరాల మధ్య ఖాళీ దీని బలం. హమ్ దీని శాపం. కరెంటు లైన్ల 50 లేదా 60 హెర్ట్జ్ రొదని ఇది యాంటెన్నాలా పట్టుకుంటుంది. షీల్డింగ్ చేస్తే కొన్ని రకాల కరకరలు తగ్గుతాయి గానీ ఈ హమ్ పూర్తిగా పోదు.

పి-90 కూడా సింగిల్ కాయిలే. వెడల్పాటి కాయిల్, కింద రెండు అయస్కాంత కడ్డీలు. మిడ్స్ బాగా ముందుకొస్తాయి, గరుకుదనం ఉంటుంది. హంబకర్ నిండుదనం కావాలి కానీ దాని మెత్తదనం వద్దు అనేవాళ్లకి నేను మొదట చెప్పేది ఇదే. హంబకర్ చట్రంలో పట్టే పి-90లు దొరుకుతాయి, చెక్క చెక్కనక్కర్లేదు.

హంబకర్‌లో రెండు కాయిల్స్. అయస్కాంత ధ్రువాలు, చుట్టే దిశ రెండూ ఒకదానికొకటి వ్యతిరేకం. స్ట్రింగ్ సంకేతాలు కలుస్తాయి, హమ్ రద్దవుతుంది. గిబ్సన్ సంస్థలో సేత్ లవర్ దీనికి 1955లో పేటెంట్ దరఖాస్తు చేశారు, 1959లో మంజూరైంది. ఆ కాలపు పికప్‌ల అడుగున "పేటెంట్ దరఖాస్తు చేయబడింది" అనే అర్థం వచ్చే స్టికర్ అతికించేవారు. దాని పొడి అక్షరాలే పీఏఎఫ్. ఇప్పుడు ప్రతి తయారీదారూ "పీఏఎఫ్ తరహా" అంటారు. కానీ అసలు పీఏఎఫ్‌లే ఒకదానితో ఒకటి కలవవు. చుట్ల సంఖ్య, అయస్కాంతం రకం ఒక్కో పికప్‌లో ఒక్కోలా ఉండేవి. కాబట్టి ఆ పేరు చూసి కొనేటప్పుడు ఎవరి పీఏఎఫ్ అని అడగడం తప్పు కాదు. మామూలుగా 7 నుంచి 8.5 కిలోఓమ్‌ల మధ్య, 4 నుంచి 5 హెన్రీల మధ్య ఉన్నవి ఆ కుటుంబంలోకి వస్తాయి.

గట్టి అవుట్‌పుట్ కోరేవాళ్ల దారి 1970లలో తెరుచుకుంది. డిమార్జియో సూపర్ డిస్టార్షన్ లాంటివి ట్యూబ్ యాంప్ ముందుభాగాన్ని తోసి డిస్టార్షన్‌లోకి నెట్టడానికే పుట్టాయి. అప్పట్లో యాంప్‌లలో గెయిన్ తక్కువ. ఇప్పటి యాంప్‌లలో, పెడల్స్‌లో గెయిన్‌కి కొదవ లేదు. అందుకే హై గెయిన్ వాయించేవాళ్లు కూడా మధ్యస్థ అవుట్‌పుట్ పికప్‌తో చాలాసార్లు ఎక్కువ సుఖపడతారని నా అభిప్రాయం. గెయిన్‌ని పెడల్ నుంచి తెచ్చుకోవచ్చు, పికప్ దగ్గర పోయిన స్పష్టతని తర్వాత తెచ్చే పెడల్ లేదు.

హమ్ వద్దు, సింగిల్ కాయిల్ ఆకారం మారకూడదు అంటే నాయిస్‌లెస్ రకాలున్నాయి. కొన్నింట్లో ఒక కాయిల్ మీద ఇంకొకటి పేర్చి ఉంటుంది, కొన్నింట్లో సన్నని రెండు కాయిల్స్ పక్కపక్కన. పేర్చినవి సింగిల్ కాయిల్‌కి దగ్గరగా, పక్కపక్కనవి చిన్న హంబకర్‌లా వినిపిస్తాయి. కొనేముందు అది ఏ రకమో తప్పక చూడండి.

యాక్టివ్ పికప్‌లలో తక్కువ చుట్ల కాయిల్, లోపలే చిన్న ప్రీయాంప్. 9 వోల్టుల బ్యాటరీ, సాధారణంగా 25 కిలోఓమ్ పాట్స్, స్టీరియో జాక్ కావాలి. పొడవైన కేబుల్ వీటిని పెద్దగా బాధించదు, రొద తక్కువ. బ్యాటరీకి గిటార్‌లో చోటుందో లేదో చూసుకోండి. వాయించడం అయ్యాక కేబుల్ పీకడం అలవాటు చేసుకోవాలి, గుచ్చి ఉన్నంతసేపూ బ్యాటరీ కరుగుతుంది. ఒక్క పికప్ యాక్టివ్, మరొకటి పాసివ్ అనే సంసారం కుదర్చవచ్చు గానీ, మొదటిసారి మారుస్తున్నవాళ్లకి నేను సలహా ఇవ్వను.

అయస్కాంతం గురించి

ఆల్నికో అంటే అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిసిన మిశ్రమలోహం. ఆల్నికో 2 మెత్తగా, దెబ్బ కొంచెం గుండ్రంగా వినిపిస్తుంది. ఆల్నికో 5 బలమైనది, మంద్ర స్వరాలు బిగువుగా, పైభాగం మెరుపుగా ఉంటాయి. సిరామిక్ ఇంకా బలమైనది. సిరామిక్ అంటే కరకు అనే చెడ్డపేరు ఉంది. అందులో సగం తప్పు సిరామిక్‌ది కాదు. ఎక్కువ చుట్లు చుట్టిన పికప్‌లలో, చౌక పికప్‌లలో ఎక్కువగా అదే వాడటం వల్ల ఆ పేరొచ్చింది. చుట్లు, తీగ, కాయిల్ ఆకారం తర్వాతే అయస్కాంతం వస్తుంది. ఈ ఒక్క అంశం మీద రోజుల తరబడి వాదించుకునేవాళ్లని చూస్తే నాకు నవ్వొస్తుంది.

ఐదో అడుగు: స్థానం, జోడీ

బ్రిడ్జ్ దగ్గర స్ట్రింగ్ తక్కువ ఊగుతుంది. నెక్ దగ్గర బాగా ఊగుతుంది. రెండు చోట్లా ఒకే పికప్ పెడితే నెక్ గట్టిగా, లావుగా, బ్రిడ్జ్ నీరసంగా వినిపిస్తాయి. అందుకే సెట్లలో బ్రిడ్జ్ పికప్‌కి కాస్త ఎక్కువ చుట్లు ఉంటాయి. ఒక్కటే మారుస్తుంటే రెండోదాన్ని మర్చిపోకండి. నెక్‌లో 7.5 ఉంటే బ్రిడ్జ్‌లో 8 నుంచి 9 వరకు ఎత్తు సర్ది సమం చేయవచ్చు. 16 పెడితే నాలా చేతులు కాలాక ఆకులు పట్టుకోవాలి.

కాయిల్ స్ప్లిట్, అంటే హంబకర్‌లో ఒక్క కాయిల్‌నే వాడే వీలు, కావాలనుకునేవాళ్లకి ఒక మాట. 7.5 కిలోఓమ్‌ల హంబకర్‌ని సగం చేస్తే మిగిలేది 3.75. మామూలు స్ట్రాట్ సింగిల్ కాయిల్ 5.5 నుంచి 6.5 ఉంటుంది కాబట్టి ఆ సగం పల్చగా వినిపించడంలో ఆశ్చర్యం లేదు. స్ప్లిట్ ముఖ్యమైతే కొంచెం ఎక్కువ చుట్లున్న హంబకర్ తీసుకోండి, నాలుగు కండక్టర్ల వైరు ఉన్నదే తీసుకోండి.

స్ట్రాట్‌లో మధ్య పికప్ ఒక్కటే మారుస్తుంటే పాత మధ్య పికప్ రివర్స్ చుట్టు, రివర్స్ ధ్రువం రకమో కాదో చూసుకోండి. అది అలా ఉంటే స్విచ్ రెండో, నాలుగో స్థానాల్లో హమ్ రద్దవుతుంది. మామూలుది పెడితే ఆ సౌకర్యం పోతుంది.

ఆరో అడుగు: పడుతుందా?

ఇక్కడ తొందరపడితే పెట్టె తెరిచాక ఏడుపే. బ్రిడ్జ్ దగ్గర మొదటి స్ట్రింగ్ నుంచి ఆరో స్ట్రింగ్ దాకా మధ్యదూరం కొలవండి. లెస్ పాల్ తరహాలో పోల్ వరుస సుమారు 49, 50 మిల్లీమీటర్లు. ట్రెమలో బ్రిడ్జ్ ఉన్న గిటార్‌లకి 51 నుంచి 53 వరకు కావాలి. వేర్వేరు తయారీదార్లు వెడల్పు రకానికి వేర్వేరు పేర్లు పెట్టారు, పేరు వదిలేసి మిల్లీమీటర్లు చూడండి. అర మిల్లీమీటరు తేడా వల్ల శబ్దం పోదు, కంటికి మాత్రం గుచ్చుకుంటుంది. పోల్స్ బదులు పొడవాటి రెయిల్ ఉన్నవాటికి ఈ తలనొప్పే లేదు.

హంబకర్ కాళ్ల పొడవు, గుంట లోతు కూడా చూడండి. పొడవు కాళ్లు లోతు తక్కువ గుంటలో నేలకి తగిలి పికప్ దిగనంటుంది. టెలికాస్టర్ బ్రిడ్జ్ పికప్ అడుగున ఉండే లోహపు పలక స్క్రూల ద్వారా బ్రిడ్జ్‌ని గ్రౌండ్‌కి కలుపుతుంది. పలక లేని పికప్ పెడితే బ్రిడ్జ్‌కి విడిగా గ్రౌండ్ వైరు వేయాలి.

లోహపు కవర్ గురించి ఒక్క ముక్క. నికెల్ సిల్వర్ కవర్ సౌండ్‌ని అంతగా కదపదు. ఇత్తడి కవర్ పైస్థాయిని అణుస్తుంది.

ఏడో అడుగు: వినడం

వీడియోల్లో ఎవరో వాయించిన నమూనాలు ఒకదానితో ఒకటి పోల్చకండి. గిటార్, యాంప్, మైక్, చేయి అన్నీ వేరు. ఒకే మనిషి, ఒకే గిటార్‌లో, ఒకే సెట్టింగుల మీద పాతదీ కొత్తదీ వాయించిన నమూనా దొరికితే అది బంగారం. అందులోనూ మీ కాగితం మీది వాక్యం పక్కన పెట్టుకుని ఆ ఒక్క అంశమే వినండి. బాగుందా లేదా అని వింటే ప్రతిదీ బాగానే ఉంటుంది.

ఎనిమిదో అడుగు: బిగించడం

విప్పగానే ఫొటో తీయండి. నాలుగైదు కోణాల్లో. స్ట్రింగ్స్ తీసేసి, గిటార్ మీద గుడ్డ కప్పండి. సోల్డర్ చుక్క పాలిష్ మీద పడితే మచ్చ శాశ్వతం.

సోల్డరింగ్ ఐరన్ కనీసం 40 వాట్లది, వెడల్పు మొన ఉన్నది కావాలి. సోల్డర్ రోజిన్ కోర్ రకం, 60/40 అయితే పని తేలిక. పైపుల పనికి వాడే యాసిడ్ ఫ్లక్స్ దగ్గరికి రానివ్వకండి. పాట్ వెనక గ్రౌండ్ అతికించడమే అన్నిటికన్నా కష్టం, ఆ లోహం వేడినంతా తాగేస్తుంది. ఆ చోటు ఉప్పుకాగితంతో గీకి, ముందే కొంచెం సోల్డర్ పూసి, వైరు పెట్టి మూడు నాలుగు సెకన్లలో ముగించండి. చిన్న ఐరన్‌తో అరనిమిషం కాల్చితే పాట్ లోపల చచ్చిపోతుంది.

వైర్ల రంగుల దగ్గర చాలామంది పొరపాటు పడతారు. సేమర్ డంకన్ నాలుగు వైర్ల హంబకర్‌లో నలుపు హాట్ (సంకేతం మోసే వైరు), ఆకుపచ్చ గ్రౌండ్, ఎరుపూ తెలుపూ ఒకదానికొకటి కలపాలి. డిమార్జియోలో ఎరుపు హాట్, ఆకుపచ్చ గ్రౌండ్, నలుపూ తెలుపూ కలపాలి. ఒకచోట హాట్ అయిన నలుపు ఇంకోచోట మధ్య జోడింపు. కాబట్టి ఆ తయారీదారు కాగితం చూడకుండా ఐరన్ వేడి చేయొద్దు. బోసి వైరు ఎప్పుడూ గ్రౌండ్‌కే.

పికప్‌లు రెండు కంపెనీలవైతే, సోల్డర్ చేసేముందే ఫేజ్ చూడండి, అంటే రెండిటి సంకేతాలూ ఒకే దిశలో కదులుతున్నాయో లేదో చూడండి. మల్టీమీటర్ 20 కిలోఓమ్ రేంజ్‌లో, ఎర్ర ప్రోబ్ హాట్‌కి, నల్లది గ్రౌండ్‌కి. స్టీల్ స్క్రూడ్రైవర్‌ని పోల్స్ మీద టక్కున తాకించండి. అంకె ఒక్క క్షణం పైకో కిందికో గెంతుతుంది. రెండో పికప్‌కీ అదే చేయండి. రెండూ ఒకే వైపు గెంతితే మంచిది. వేర్వేరు వైపులైతే రెండూ కలిపి వాయించినప్పుడు ముక్కుతో పాడినట్టు పీలగా వినిపిస్తుంది. అప్పుడు ఒకదాని హాట్, గ్రౌండ్ తారుమారు చేయాలి. నాలుగు వైర్లున్నదానికి ఇది సులువు, బోసి వైరు మాత్రం గ్రౌండ్‌లోనే ఉంచాలి. అల్లిక కప్పిన ఒంటి వైరు పికప్‌కి ఇలా చేస్తే ఆ అల్లిక, లోహపు కవర్ హాట్ అయిపోయి ముట్టుకున్నప్పుడల్లా బుయ్‌మంటుంది. టెలికాస్టర్ నెక్ పికప్‌కి అయితే కవర్‌ని కలిపే చిన్న వైరు తెంచి, కవర్‌కి విడిగా గ్రౌండ్ వేసి, ఆ తర్వాత తారుమారు చేయాలి.

స్ట్రింగ్స్ వేయకముందే కేబుల్ గుచ్చి, యాంప్ తక్కువ వాల్యూమ్‌లో పెట్టి, స్క్రూడ్రైవర్‌తో ప్రతి పికప్‌నీ మెల్లగా తట్టండి. స్విచ్ ఎక్కడుంటే అక్కడి పికప్ టక్‌మనాలి. ప్లాస్టిక్ పెన్నుతో తట్టినా మైకులా గట్టిగా ఠంగుమంటే మైనం సరిగ్గా పట్టలేదన్నమాట. ఎక్కువ గెయిన్‌లో అది కీచుమంటుంది, తిరిగి ఇచ్చే గడువు దాటకముందే ఇచ్చేయండి. పాతకాలపు తీరులో కావాలనే మైనం పట్టించని పికప్‌లు కొంచెం ఠంగుమనడం మామూలే.

ఇప్పుడు కొత్త స్ట్రింగ్స్ వేసి, రెండో అడుగులోని కొలతల దగ్గర ఎత్తు పెట్టి, మళ్లీ పావు చుట్టు ఆట ఆడండి. ఆ రోజే తీర్పు ఇవ్వకండి. మీరు అలవాటు పడ్డ యాంప్ సెట్టింగులు పాత పికప్ కోసం కుదిరినవి. బాస్, ట్రెబుల్ మధ్యకి తెచ్చి మొదట్నుంచీ సర్దుకోండి. రెండు వారాల తర్వాత మొదటి కాగితం తీసి, ఆ వాక్యం ఇంకా నిజమేనా అని చూసుకోండి.

పాత పికప్‌ని పారేయొద్దు, వైరు కురచగా కత్తిరించొద్దు. దాని స్క్రూలు, స్ప్రింగులు, కొలిచిన కిలోఓమ్‌లు, ఏ స్థానం నుంచి తీశారో రాసిన చీటీ అన్నీ ఒకే సంచిలో వేయండి. వేరే పికప్‌లతో కలిపి డబ్బాలో కుక్కకండి, అయస్కాంతాలు ఒకదాన్నొకటి లాక్కుని సన్నని కాయిల్ తీగ తెగడానికి ఒక్క గీత చాలు.